బొండం ఇంటి వెనక కొడతారు

పలాసను చాలామంది జీడిపప్పు పొట్లం మీద చూస్తారు, ఉద్దానాన్ని కిడ్నీ జబ్బుల వార్తల్లో చూస్తారు. నేను ఆ రెండు పేర్లనీ పన్నెండేళ్లుగా అప్లికేషన్ ఫారాల మీద చూస్తున్నాను. విశాఖపట్నంలో నర్సులకు జర్మన్ నేర్పడం నా ఉద్యోగం. నా క్లాసులో సగం మంది ఆ వైపు పిల్లలే. రైలెక్కితే పూట ప్రయాణం. అయినా ఒక్కసారి వెళ్లలేదు. మొన్న అక్టోబరులో మూడు రోజులు వెళ్లి వచ్చాను. ఊళ్లు చూడాలని బయల్దేరలేదు గాని, చూసినవి చెప్పదగ్గవే.

వెళ్లింది ఎస్తేరు కోసం. ఆమె ఉద్దానంలో డయాలసిస్ నర్సు. కిందటేడు మా దగ్గర చదువుకుంది. జర్మనీలో ఒక ఆసుపత్రి తమ డయాలసిస్ వార్డుకు ఆమెను అనుకుంది. భాషా పరీక్షలో చదవడం, వినడం, రాయడం మూడూ పాసైంది. మాట్లాడే పరీక్షలో, ఎదురుగా కూర్చున్నావిడ పాఠంలో లేని ప్రశ్న ఒకటి వేసేసరికి నోరు మెదపలేకపోయింది. ఆసుపత్రివాళ్లు టీచరుగా నా అభిప్రాయం అడిగారు. రాత బాగుంది, సొంతంగా మాట్లాడే శక్తి లేదు, రోగుల మధ్య పనికి సరిపోదు అని రాశాను. వాళ్లు ఆమెను వదిలేశారు. ఆ మెయిల్ సంగతి ఆమెకు తెలియదు.

సెప్టెంబరులో అదే ఆసుపత్రి నుంచి మళ్లీ మెయిల్ వచ్చింది. ఆ వార్డులో ఇంకా ఒక ఖాళీ ఉందనీ, ఏడాది చివరికల్లా నింపాలనీ, మీరు సరిపోదన్న అమ్మాయి ఇప్పుడెలా మాట్లాడుతోందనీ. ఎస్తేరు పాసైన మూడు పేపర్లు చెల్లేది కూడా డిసెంబరుదాకానే. ఆలోగా మాట్లాడే పరీక్ష ఒక్కటీ మళ్లీ ఇస్తే చాలు. 'బాగా మాట్లాడుతోంది' అని ఇంట్లో కూర్చుని రాసెయ్యొచ్చు. కానీ ఆమె మాట వినకుండా ఆమె గురించి రాయడం అది రెండోసారి అవుతుంది. ఫోన్ నంబరు మారిపోయింది. ఫారం మీద టెక్కలి చిరునామా మిగిలింది.

హరిశ్చంద్రపురం

పాసింజరులో నా ఎదుట ఎండుచేపల సంచీతో ఒక పెద్దావిడ కూర్చుంది. ఎవరింటికని అడిగింది. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఇంటికన్నాను. "సమ్మందం సూడ్డానికేటి బాబూ?" అంది. కాదన్నాను. "మరి పిల్లేటి తప్పు సేసినాది, మేస్టారే ఇంటికొత్తన్నారు?" అంది. తప్పు మేస్టారిదని చెప్పలేక కిటికీలోంచి చూశాను. వరిచేలు పొట్ట మీదున్నాయి.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. చదువుకునే రోజుల్లో ఉత్తర జర్మనీలో రెండేళ్లు ఉన్నాను. నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ తన చెల్లెలితో మాట్లాడేటప్పుడు వేరే భాష వినపడేది. మనం పుస్తకాల్లో చదివే జర్మన్‌లో నీళ్లు 'వాసర్'. ఆవిడ నోట అది 'వాటర్'. పక్క దేశంలో డచ్చివాళ్ల మాటా దానికి దగ్గరే. ఆపిల్ పుస్తకంలో 'ఆప్ఫెల్', ఆవిడకు 'ఆపెల్'. ఇంగ్లీషు, డచ్చి, జర్మన్ ఒక ఇంటి బిడ్డలని ఆవిడ వంటగదిలోనే నాకు అర్థమైంది. అది జర్మన్ చెడిపోయిన రూపం కాదు, జర్మన్‌కు తోడబుట్టిందే. అయినా ఆవిడ చిన్నప్పుడు బళ్లో ఆ మాట వస్తే టీచరు నిలబెట్టి, అలాగే పలికి చూపించి, పిల్లలందరినీ నవ్వించేవాడట. ఎనభై ఏళ్ల మనిషి ఆ సంగతి చెబుతూ గొంతు తగ్గించింది. దాని మీదే నేను పరిశోధనా వ్యాసం రాశాను. జాలిగా, మంచి మార్కులొచ్చేలా రాశాను.

పదిహేనేళ్ల తరవాత నా క్లాసులో ఎస్తేరు లేచి, "నేను మా ఊరి గురించి సెప్తాను సార్" అంది. నేను ఆ 'సెప్తాను'ను ఆమె రాగంతోనే పలికి చూపించాను. క్లాసంతా నవ్వింది. అది బాగా పేలిందని ఇంకో నాలుగుసార్లు చేశాను. ఆ తరవాత ఆమె, నేను రాసిచ్చినది తప్ప ఏదీ నోటితో పలకలేదు. ఆగస్టులో ఇల్లు మారుతుంటే పాత వ్యాసం బయటపడింది. నిలబడి రెండు పేజీలు చదివి కింద కూర్చున్నాను.

హరిశ్చంద్రపురంలో దిగి టెక్కలికి ఆటో ఎక్కాలి. బండి ఆగింది. చేపలావిడ "ఇదే కదా మీ టేసను" అంది. సంచీ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. బండి కదిలింది. నిజం చెప్పడానికి బయల్దేరినవాడు దిగలేకపోయిన స్టేషనుకు ఆ పేరుండడం చూసి నాకే నవ్వొచ్చింది. ఆవిడ ఏమీ అడగకుండా ఒక వేరుశనగ పొట్లం నా చేతిలో పెట్టింది.

పలాస

అలా పలాస చేరాను. జీడిపప్పు వీధుల్లో నడుస్తుంటే కాల్చిన తొక్కల వాసన బట్టలకు పట్టేస్తుంది. ఒక చిన్న కొట్టు వెనక ఆడవాళ్లు నేల మీద పళ్లాలు పెట్టుకుని పప్పు ఏరుతున్నారు. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. వాళ్లలో పెద్ద పార్వతమ్మ. కళ్లు పళ్లెం మీద ఉండవు, వేళ్లే చూస్తాయి. నేను మేస్టారినని తెలిసి నన్నూ ఏరమంది. గుప్పెడు ఏరి ఇచ్చాను. చూసి, మొత్తం మళ్లీ పళ్లెంలో కలిపేసింది. "మీకు పని దొరకదు మేస్టారూ" అంది. మా తెనాలి వైపు కొట్టుకొచ్చిన వాడి చేత ఎవరూ పని చేయించరు. ఇక్కడ కూర్చుంటే చాలు, చేతిలో ఏదో పడుతుంది.

ఏం నేర్పుతానని అడిగింది. జర్మన్ అన్నాను. పళ్లాల దగ్గరందరూ తలెత్తారు.

"ఆ బాస మాకూ తెలుసు. మా పక్కింటి పిల్ల తెల్లారగట్ల మేడ మీద తిరుగుతా గొణుగుతాది. దెయ్యం పట్టినాదనుకున్నాం ముందు. రోజూ ఒకటే ముక్క. మద్దిలో ఎవులైనా పలకరిస్తే మళ్లీ మొదటికెళ్లిపోద్ది."

సాయంత్రం ఆ పిల్లనే పిలిపించింది. లావణ్య, నర్సింగు అయిపోయి ఇంట్లో చదువుకుంటోంది. సిగ్గుపడుతూ చదివింది. రెండో వాక్యానికే గుర్తుపట్టాను. ప్రకృతికి హాని లేని విహారయాత్రల మీద ఏడేళ్ల కిందట నా చేత్తో నేను రాసిన నమూనా ప్రసంగం అది. ఏ చేతి నుంచి ఏ చేతికి జిరాక్సులై వెళ్లిందో, పలాస మేడ మీదికి వచ్చింది. అందులో 'ఆదివారాలు నేను నదీతీరాన అడవిలో సైకిలు తొక్కుతాను' అనే వాక్యం ఉంది.

"మీకు సైకిలుందా?" అని అడిగాను.

"లేదు సార్. పరీక్షలో ఉంది" అంది.

అది రాసింది నేనేనని చెప్పలేదు. మర్నాడు పొద్దున్న టెక్కలి బస్సెక్కాను.

టెక్కలి

ఎస్తేరు తల్లి రూతమ్మ ఇల్లు బాప్టిస్టు చర్చి వీధిలో. నా పేరు చెప్పగానే ఆవిడ కొంగుతో కుర్చీ తుడిచింది. తుడిచిన కుర్చీని మళ్లీ తుడిచింది. వంకాయలో వేసిన నెత్తళ్ల చేపల కూర, ఉప్పుడుబియ్యం అన్నం, చివర్న రాగులతో కాచిన చల్లటి చోడి అంబలి. మా వైపు అంబలిని అతిథికి పెట్టడానికి మొహమాటపడతారు. ఆవిడ గ్లాసు నిండా పోసి, ఉల్లిపాయ ముక్క పక్కన పెట్టి, తాగేదాకా నిలబడింది.

తినేముందు ప్రార్థన చేసింది. అందులో నా పేరు ఉంది. కొత్తగా చేర్చినట్టు లేదు, రోజూ చెప్పే వరసలో వచ్చింది. మా పిల్లకు చదువు చెప్పిన మేస్టారిని దీవించు అంది. నేను కళ్లు తెరిచే ఉన్నాను.

జర్మనీవాళ్లు మళ్లీ పిలిచారేమోనని ఆవిడ ఆశ. నేను అన్నం కలుపుకున్నాను. తింటుంటే ఆవిడే చెప్పుకొచ్చింది. ఆ పరీక్ష అయ్యాక పిల్ల ఇంట్లో కూడా మాట తగ్గించేసిందట.

"నోరిప్పే ముందు సూసుకుని సూసుకుని మాట్లాడేది సార్. నాతోటి కూడా. అమ్మతోటి మాట్లాడ్డానికి ఎవులైనా సూసుకుంటారేటి?"

ఎస్తేరు ఇప్పుడు కవిటి దగ్గర మేనమామ ఇంట్లో ఉంటూ డయాలసిస్ కేంద్రంలో పని చేస్తోందట. రూతమ్మ దారికి పొట్లం కట్టిచ్చింది. ఆ పొట్లం రాత్రి పలాస లాడ్జిలో తినబోయి, ముడి విప్పి, మళ్లీ కట్టేశాను.

కవిటి దారి

కవిటి వైపు తిరిగాక ఆకాశం తగ్గిపోతుంది. రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి, దాని కింద జీడిమామిడి, పనస, మధ్యలో అరటి. ఎండ నేలకు చేరేసరికి ముక్కలు ముక్కలైపోతుంది. షేర్ ఆటోలో ఎనిమిది మందిమి. ఒకాయన మోచేతి దగ్గర ఉబ్బిన నరం, దాని మీద రెండు ప్లాస్టర్లు. పక్కనున్నతను "అయిపోనాదా బావా?" అని అడిగాడు, క్షవరం అయిందా అని అడిగినంత మామూలుగా. "అయిపోనాది. రెండు కేజీలు తీసేసినారు" అన్నాడాయన. కేజీలేమిటని అడిగాను. ఒంట్లో నిలిచిపోయిన నీళ్లట, డయాలసిస్‌లో తీస్తారట. ఆటోలో ఎవరూ సీసా ఎత్తి నీళ్లు తాగలేదు. నేనొక్కడినే తాగాను. అప్పుడు అది గమనించలేదు. తిరిగొచ్చాక ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.

దానియేలు అరుగు

మేనమామ పేరు దానియేలు. ముప్ఫై ఏళ్లు కొబ్బరిచెట్లెక్కి, తరవాత కాయల వ్యాపారం చేసి, ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళుతున్నాడు. మిగతా రోజుల్లో అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్లను ఆటపట్టిస్తాడు. నన్నూ వదల్లేదు. జర్మనీ బాస నేర్పేవాడు జర్మనీలో ఉండాలి గాని కవిటిలో ఏం పనన్నాడు. ఎస్తేరు డ్యూటీలో ఉందనీ, మధ్యాహ్నానికి వచ్చేస్తుందనీ చెప్పాడు.

ఆయన కొడుకు సైమను నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్లాడు. గొడ్లసావిడి దాటాక, తాగి పారేసిన బొండాల డొక్కల గుట్ట పక్కన బొండం కొట్టి చేతికిచ్చాడు. "ఇక్కడే తాగీయండి మేస్టారూ" అన్నాడు. పేడ వాసన, ఈగలు. పెద్దాయన ముందు అరుగు మీద కూర్చుని ఉంటే నేను ఇక్కడ దొంగలా తాగడం ఏం మర్యాద అనుకున్నాను. మా ఊళ్లో అతిథి ఇంటి యజమాని పక్కన కూర్చునే తాగుతాడు, ముందు ఆయనకు చూపించి మరీ. సైమను ఏదో అనబోయాడు. నేను అప్పటికే బొండం పట్టుకుని ముందుకు నడిచాను.

అరుగెక్కి, దానియేలు పక్కన కూర్చుని, రెండు చేతులతో ఆయనకు అందించి, ముందు మీరు కొంచెం తీసుకోండి అన్నాను.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. దానియేలు బొండం అందుకున్నాడు. మొహం దగ్గర పెట్టుకుని కాసేపు వాసన చూశాడు.

"పడమటి గట్టు మీద సెట్టుది" అన్నాడు. "నానే పెట్టినాను దాన్ని. నాలుగేళ్లయినాది దీని నీళ్లు ముట్టి." నా చేతికి తిరిగిచ్చాడు. "వాసన సూడొద్దని డాట్టరు సెప్పనేదులెండి."

గేటు దగ్గర సైకిలు దిగి ఎస్తేరు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. వచ్చి, నా చేతిలో బొండం తీసుకుని ఇంటి వెనక్కి వెళ్లింది. వెంట వెళ్లాను.

"ఇదే సార్, నేను చెప్తానన్న టాపిక్" అంది. చూసుకుని, ఒత్తి 'చెప్తాను' అనే అంది.

అప్పుడు గుర్తొచ్చింది. నమూనా ప్రసంగం వద్దు, మా ఊళ్లో అతిథికి బొండం ఎక్కడ కొడతారో చెబుతానని అడిగింది ఆ రోజు. మీ ఊరి కొబ్బరికాయలు అక్కడెవరికి కావాలన్నాను. ఎందుకు, ఏమిటని అడగలేదు. అడిగి రెండు నిమిషాలు విని ఉంటే, ఆ బొండాన్ని ఆ అరుగు మీదికి తీసుకెళ్లేవాణ్ణి కాదు.

ఇప్పుడు అడిగాను. ఆమె చెప్పింది. డయాలసిస్ మీదున్న మనిషికి రోజు మొత్తానికి కొలిచిన నీళ్లే. బొండం నీళ్లు అసలే కూడదు, అందులోని పొటాషియాన్ని పాడైన కిడ్నీ బయటికి పంపలేదు, గుండె మీదికొస్తుంది. చుట్టూ కొబ్బరితోట. వచ్చిన మనిషికి బొండం ఇవ్వకుండా పంపడం ఇక్కడ ఎవరికీ చేతకాదు. అందుకని వెనక్కి తీసుకెళతారు. కత్తి చప్పుడు కూడా వినపడనంత దూరం. తాగాక మూతి తుడుచుకుని రావాలి. ఇంట్లో ఎవరూ 'దాహం' అనే మాట అనరు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అన్ని ఇళ్లలో ఎవరికి వారే కనిపెట్టుకున్నారు.

"జర్మనీలో పేషెంట్లకీ దాహం వేస్తుంది కదా సార్. వాళ్ల ఇళ్లలో ఎలా దాచుకుంటారో అడుగుదామనుకున్నాను" అంది.

డొక్కల గుట్ట దగ్గర

అక్కడే నిలబడి మెయిల్ సంగతి చెప్పాను. ఏం రాశానో పొల్లుపోకుండా చెప్పాను. ఆమె తీగ మీద ఆరిన బట్టలు తీయడం మొదలుపెట్టింది. నాలుగు మడతపెట్టాక అడిగింది.

"అది తప్పని మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

"రాస్తున్నప్పుడే."

"మరెందుకు రాసారు?"

నా దగ్గర చదివినవాళ్లు ఫెయిలవరని పేరుందనీ, నేర్పడంలో లోపం లేదని చూపించుకోడానికి నీలో ఉందని రాశాననీ చెప్పాను. క్షమించమన్నాను. ఆమె చివరి దుప్పటి మడతపెట్టింది.

"మా అమ్మ రోజూ మీ పేరు సెప్పి ప్రార్తన సేస్తాది, తెలుసా మీకు?"

తెలుసన్నాను. నిన్న విన్నానన్నాను.

"ఆలకి, ఆ ఆసుపత్రోలకి, మళ్లీ రాయండి. ఇక్కడ కూకునే రాయండి. నాను సూస్తాను."

వంటింటి గట్టు మీద కూర్చుని ఫోన్‌లో రాశాను. 'కిందటేడు కొంత అపార్థం జరిగింది' అని మొదలుపెట్టాను. ఆమె నా భుజం మీంచి చదివి, "అపార్తం ఎవులికి సార్? మీకు అన్నీ అర్తమయ్యే రాసారు కదా" అంది. అది కొట్టేశాను. ఆమె మాట తీరును క్లాసులో వెక్కిరించాననీ, నా ప్రసంగం బట్టీ పట్టించాననీ, ఆ పైన ఆమెకు మాట రాదని మీకు రాశాననీ, అది అబద్ధమనీ రాశాను. జర్మన్‌లో ఇరవై ఏళ్లలో నేను రాసిన అతి చిన్న వాక్యాలు అవి. ఇక మిగిలింది ఇప్పుడెలా మాట్లాడుతోందన్నది. అది వినకుండా రాయలేనన్నాను.

ఆమె ముందు అరుగు మీదికి నడిచింది. దానియేలు ఎదుట, నా వైపు చూడకుండా, నిలబడి జర్మన్‌లో మొదలుపెట్టింది. గొడ్లసావిడి, కత్తి చప్పుడు, మూతి తుడుచుకోవడం. వాక్యం చివర గొంతు పైకి లేచి వంగింది, అచ్చం ఇక్కడి తెలుగులాగే. నాకు ఆ జర్మన్ వంటగది, గొంతు తగ్గించిన పెద్దావిడ గుర్తొచ్చారు. ఎస్తేరు గొంతు తగ్గించలేదు. రెండు చోట్ల తప్పు దొర్లింది. నా నాలుక కదిలింది గాని పళ్ల వెనకే ఆపుకున్నాను.

దానియేలుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో "నా పేరొచ్చినాదిరా" అని సైమనుకు చెప్పాడు. అయ్యాక, "ఏటి సెప్పినావే, మావ దొంగతనంగా తాగుతాడని సెప్పీసినావా?" అన్నాడు.

"సెప్పీసినాను మావా. కిందటి ఈస్టరుకి తాగినావు కదా" అంది. ఆయన నా వైపు తిరిగి, సాక్ష్యం లేదు మేస్టారూ అన్నాడు.

పరీక్షలోలాగా ఒక ప్రశ్న వేయబోయాను. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది. "ప్రశ్నలు పరీక్షలో ఆలు అడుగుతారు. మీరు ఇన్నారు కదా, ఇన్నది రాయండి."

విన్నది రాసి పంపాను. నవంబరులో పరీక్షకు వెళతానంది. అప్పటిదాకా ఉచితంగా చెబుతానన్నాను. వద్దంది, కోపంగా కాదు. డ్యూటీలో తన పేషెంట్లతోనే రోజుకో నాలుగు వాక్యాలు జర్మన్‌లో అంటోందట, వాళ్లకు డయాలసిస్ జరిగే నాలుగు గంటలు కాలక్షేపమట. బయల్దేరేముందు సైమను ఇంకో బొండం కొట్టాడు. డొక్కల గుట్ట దగ్గరే నిలబడి తాగాను. మూతి తుడుచుకుని ముందుకొచ్చి దానియేలుకు నమస్కారం పెట్టాను.

వచ్చాక

నమూనా ప్రసంగాలన్నీ క్లాసులోంచి తీసేశాను. పిల్లలు గోల పెడుతున్నారు, పాతవే కావాలంటున్నారు. బయట జిరాక్సులు ఎలాగూ దొరుకుతున్నాయి.

నవంబరులో పరీక్ష రోజు సాయంత్రం ఎస్తేరు ఫోన్ చేసింది. ఆ తరవాత ఫలితం కూడా వచ్చింది, పాసైంది. ఉద్యోగం సంగతి ఆసుపత్రివాళ్లు ఆమెకే నేరుగా రాశారు. నాకు ప్రతి పంపలేదు. అడగాలని కూడా అనిపించలేదు.

నాకు గుర్తుండేది పరీక్షనాటి ఫోనే. పాఠంలో లేని ప్రశ్న అడిగారా అన్నాను.

"అడిగారు సార్. వానొస్తే బొండం ఎక్కడ కొడతారని అడిగినాది ఎదర కూకున్నావిడ."

నాకు అది తట్టలేదు. ఆ ఇంటి వెనక నీడ తప్ప కప్పు లేదు, గొడ్లసావిడిలో ఇద్దరు నిలబడే చోటు లేదు. తుపాను రోజుల్లో ఏం చేస్తారో ఊహించలేకపోయాను. ఏం చెప్పావని ఆత్రంగా అడిగాను.

అవతల చిన్నగా నవ్వు వినపడింది.

"ఆవిడికి సెప్పీసినాను సార్. మీరు వానల్లో ఓపాలి రండి, సూద్దురు గాని."